తోడుకనుమ అసలు ఎత్తు

నడక నోటు 212. గుమ్మకొండ.

నా పేరు తవిటమ్మ. గుమ్మకొండ నడకమనిషిని. నడిచొచ్చిన ప్రతిసారీ ఏం చూశామో జీపీఎస్‌లో మాట్లాడి దాచాలని మాకో నియమం. పెద్దమెట్ట వాళ్ళు పెట్టారు. ఇవి వినేవాళ్ళు ఎవరైనా ఉన్నారో లేదో తెలీదు.

పొద్దున్నే రాయి దగ్గరికి వెళ్ళాను. దాని మీద 1031 అని చెక్కి ఉంది. ఏనాటి సర్వే వాళ్ళో చెక్కిపోయారు. జీపీఎస్ అక్కడ పెడితే 1038 అంది. తెల్లారేసరికి కొండ పెరగదు కదా. బటన్ నొక్కిపట్టి 1031కి దించాను. మా ఊళ్ళో పొద్దున్న మొదటి పని ఇదే, అంబలి కాయడం కూడా దీని తరవాతే.

సరదాకి కొండలెక్కేవాళ్ళ కోసం చేసిన పరికరాలివి. అప్పట్లో ఉపగ్రహాలతో మాట్లాడేవి. అవి ఒక్కొక్కటే మూగబోయాయి, జీపీఎస్ అన్న పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడు ఇవి గాలిని తూచి ఎత్తు చెప్తున్నాయి. పైకెక్కేకొద్దీ గాలి పలచబడుతుంది. అది పలచబడిందంటే మనం ఎక్కామని జీపీఎస్ లెక్క.

రాయి దగ్గరుండగానే వైర్‌లెస్ సెట్టులో భానుమతి గొంతు వచ్చింది. పెద్దమెట్ట కొలతల గదిలో పనిచేస్తుంది ఆవిడ. మనిషిని నేనెప్పుడూ చూడలేదు. ఏళ్ళ తరబడి గొంతే పరిచయం.

"అందరికీ చెప్తున్నాను. ఈ రోజు గీత 921. రాసుకున్నారా తవిటమ్మా?"

"రాసుకున్నానమ్మా."

గీతకి దిగువన ఉండేదాన్ని మేం కిందిగాలి అంటాం. దానికి రంగు లేదు, వాసన లేదు. అందులో దీపం కూడా ఆరదు. ముందు వేళ్ళు మొద్దుబారతాయి, ఆ వెంటనే నిద్ర ముంచుకొస్తుంది. ఆ నిద్రలోంచి లేచినవాళ్ళని నేను చూడలేదు. మా ఆయన తన తల్లిని తెస్తానని మొదటి ఏడాది దిగాడు. కంటికి కనిపించనిదాన్ని తప్పించుకోవాలంటే మనం ఏ ఎత్తులో ఉన్నామో తెలియాలి. అంతకన్నా దారి లేదు.

రేపు నేనూ మా మరిది సూరిదేముడూ అల్లం, పసుపు మోసుకుని పెద్దమెట్టకి వెళ్ళాలి. ఉప్పు, మందులు తేవాలి. మా కొండకీ ఆ మెట్టకీ మధ్య దారి తోడుకనుమ ఒక్కటే. దాని అడుగు 962. గీతకి ముప్పై మీటర్లు పైన ఉంటే నడవొచ్చని నియమం. దర్జాగా నడవొచ్చు.

నడక నోటు 213. తోడుకనుమ.

వెళ్ళేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. కనుమ అడుగున అలవాటుగా నా జీపీఎస్‌ని 962కి దిద్దుకున్నాను. తిరిగొస్తూ కనుమ అడుగున బరువులు దించుకుని నీళ్ళు తాగుతున్నాం. సూరిదేముడు తన జీపీఎస్ చూసి అన్నాడు.

"వదినా, నీదెంత చూపిస్తంది?"

"962."

"నాది 981."

ఇద్దరం ఒకే బండ మీద కూచున్నాం. నాది అతని చేతికిచ్చాను, అతనిది నేను తీసుకున్నాను. అంకెలు మారలేదు.

"బయలుదేరేముందు రాయి మీద పెట్టావా?" అన్నాను.

"మొన్న పెట్టాను కదా. రోజూ ఏటి పెడతాం?"

"రోజూ పెట్టాలిరా. నిన్న ఉన్న గాలి ఈ రోజు ఉంటుందా?"

అతను నవ్వేశాడు. నా కంటే పదేళ్ళు చిన్న. కొండ మీద పుట్టినవాడిలా నడుస్తాడు. నేను నవ్వలేదు. అతని జీపీఎస్ మాట నమ్మి ఎవరైనా 940 అనుకుంటూ దిగితే, నిజానికి వాళ్ళుండేది 921లో. ఆ పూట గీత కూడా అదే.

నడక నోటు 219. గుమ్మకొండ.

మజ్జి పెంటయ్య, అతని భార్య ఈశ్వరమ్మ పోయారు.

వాళ్ళ మేకలు దిగువ మెట్ల పొలాల్లోకి జారిపోయాయి. తోలుకొస్తామని పొద్దున్న వచ్చి జీపీఎస్ అడిగారు. నేనే రాయి మీద పెట్టి సరిచేసి ఇచ్చాను. ఆనాటి గీత 930. "960కి కిందికి దిగొద్దు, మేకలు పోతే పోనీ" అన్నాను. ఈశ్వరమ్మ తల ఊపింది. జాగ్రత్తగల మనిషి, దిగేటప్పుడు పది అడుగులకోసారి ఆగి అంకె చూసుకునే రకం.

మధ్యాహ్నానికి సముద్రం వైపు నుంచి మబ్బు కమ్మింది. గాలి బిగదీసినట్టయి, ఆ తరవాత వాన అందుకుంది. వాళ్ళు రాలేదు. వాన కాస్త తెరిపిచ్చాక సూరిదేముడూ నేనూ పైగట్టు మీద నించుని చూశాం. దిగువ మెట్టు మీద ఇద్దరూ పక్కపక్కన కూచుని ఉన్నారు, మేకలు చుట్టూ పడుకుని ఉన్నాయి. పిలిచాం. ఎవరూ కదల్లేదు.

జీపీఎస్ ఈశ్వరమ్మ చేతిలోనే ఉంది. దాని వెలుగు కనిపిస్తోంది కానీ అంకె కనపడదు. ఏ అంకె చూపించి ఉంటుందో నాకు తెలుసు. 960కి పైనే చూపించి ఉంటుంది. అందుకే వాళ్ళు లేవలేదు.

నేను గబగబా రాయి దగ్గరికెళ్ళి నా దాన్ని పెట్టాను. 1088 అంది.

నడక నోటు 220. గుమ్మకొండ.

భానుమతితో మాట్లాడాను. జరిగింది చెప్పాను.

"వాయుగుండం పట్టింది తవిటమ్మా. తుఫాను ముందు గాలి బరువు పడిపోతుంది. మీ పరికరానికి వాతావరణం మారిందని తెలీదు. గాలి పలచబడింది కాబట్టి పైకెక్కాను అనుకుంటుంది. ఉన్నచోటే కూర్చున్నా యాభై, అరవై మీటర్లు ఎక్కేస్తుంది."

"అంటే వాళ్ళు 960 అనుకున్నది..."

"తొమ్మిది వందల చిల్లర."

"నేనే సరిచేసి ఇచ్చానమ్మా, పొద్దున్న."

"పొద్దున్నకి అది సరిగ్గానే ఉంది."

ఆ మాటతో నాకు ఓదార్పేమీ కలగలేదు. ఆవిడ కూడా ఓదార్చడానికి అనలేదు. ఆ తరవాత అసలు సంగతి చెప్పింది. గీత ఈ వానల్లో ఆగేలా లేదు. ఏరులన్నీ దిగువకి పోటెత్తుతుంటే కిందిగాలి పైకి లేస్తోంది. కనుమ మునిగిందంటే గుమ్మకొండ ఒంటరి అయిపోతుంది. అందర్నీ తీసుకుని వచ్చెయ్యమంది.

"కనుమ 962 అన్నది నిజమేనా తవిటమ్మా? ఎవరు కొలిచారు?"

ఎవరు కొలిచారో నాకు తెలీదు. నాకు ముందు నడిచినవాళ్ళు చెప్పారు, వాళ్ళకి వాళ్ళ ముందువాళ్ళు.

నడక నోటు 223. తోడుకనుమ.

ఎలా కొలవాలో భానుమతి చెప్పింది. రెండు జీపీఎస్‌లు పక్కపక్కన పెట్టి ఒకటే అంకెకి తెచ్చాం. ఒకటి రాయి మీదే ఉంచి సూరిదేముడు కాపలా కూచున్నాడు. రెండోది పట్టుకుని నేను కనుమకి దిగాను. వాతావరణం మారితే రెండిటినీ ఒకేలా మోసం చేస్తుంది. అక్కడిది ఎంత తప్పుతోందో తెలిస్తే ఇక్కడ అంత తీసేసుకోవచ్చు.

వానలో కనుమ అడుగున నించుని సెట్టు నొక్కాను.

"సూరీ, రాయి ఎంతంటంది?"

"1054 వదినా. ఇరవై మూడు ఎక్కువ."

నా చేతిలో 974 ఉంది. రెండుసార్లు తీసివేసుకున్నాను. 951.

"ఎంతొచ్చింది?" అన్నాడు. ఇన్నాళ్ళూ మేం అనుకున్నదానికంటే కనుమ పదకొండు మీటర్లు పల్లం. ఈ పొద్దున్న గీత 941.

ఆ అడుగు చదునుగా, బురదగా, చాలా పొడవుగా ఉంటుంది. పిల్లాపాపలతో దాటాలంటే అంబలి కాచుకుని తాగినంత సేపు. తిరిగి ఎక్కుతూ ప్రతి మలుపులోనూ వెనక్కి చూశాను. చూస్తే కనిపించేదేం లేదు.

నడక నోటు 226. గుమ్మకొండ.

గీత 945కి వచ్చింది. అందరం పాంగి సన్యాసి మావ వసారాలో కూడాం. ఊరికి ఆయన పెద్ద. గుమ్మకొండ ఆయన తాతలది. మాలాంటి పల్లపువాళ్ళు ఎక్కివచ్చినప్పుడు పాకలు వేసుకోమని చోటిచ్చింది ఆయనే.

"ముప్పై మీటర్లుండాలన్న నియమం మీదే కదమ్మా," అన్నాడు. "ఇప్పుడు ఆరు మీటర్లుంది అంటన్నావు. ఆరు మీటర్లలో ముసిలోళ్ళని, పిల్లల్ని ఎలాగ నడిపిస్తావు?"

"రేపటికి ఆ ఆరు కూడా ఉండదు మావా."

"ఆ భానుమతి చెప్పిన గీత నిజమేనని ఏటి నమ్మకం?"

ఆ మాట నిజాయితీగా అడిగాడు. నేను సెట్టు తీసి భానుమతినే అడిగాను. అందరూ వింటున్నారు.

"మా దగ్గర వాలు మీద స్తంభాలున్నాయి," అందావిడ. "ఒక్కో స్తంభానికీ ఎత్తు రాసి ఉంది. కిందిగాలి ఏ స్తంభం దాకా వచ్చిందో వాటికి కట్టిన తీగ చెప్తుంది. అది తప్పదు. కానీ..."

"చెప్పండమ్మా."

"ఆ స్తంభాలు పాతినప్పుడు ఎత్తులు రాసింది కూడా మీ చేతుల్లో ఉన్నలాంటి పరికరంతోనే. అప్పుడూ వానాకాలమే. నేనిక్కడికి రాకముందు సంగతి. అవి ఎంత తప్పో, ఎటు తప్పో నాకు తెలీదు. వాలంతా జారిపోతోంది, ఇప్పుడు దిగి కొలవలేను."

వాళ్ళ గీత తప్పు కావొచ్చు. మా కనుమ ఇన్నేళ్ళూ తప్పే. రెండు తప్పుల మధ్య ఆరు మీటర్ల సందు ఉందని నమ్మి ఊరు ఊరంతా దిగాలి.

చివరికి మాట్లాడింది సన్యాసి మావ అక్క గురమ్మ. డెబ్బై దాటింది.

"ఇక్కడుంటే ఎలాగూ వచ్చేది వస్తాది. నేను తవిటమ్మతో నడుస్తాను."

సన్యాసి మావ తన అక్క ముఖం చూశాడు. "సరే, అందరం నడుద్దాం" అన్నాడు.

నడక నోటు 227. పెద్దమెట్ట.

ఇది పెద్దమెట్టలో చెప్తున్నాను.

పొద్దున్న గీత 946. వాన ఆగలేదు. నేను ముందు, సూరిదేముడు చివర. ఒకరి కొంగు ఒకరు పట్టుకుని నడవమన్నాను. బొటనవేలితో మిగతా వేళ్ళు తాకుతూ ఉండమన్నాను, స్పర్శ తెలియకపోతే గట్టిగా చెప్పమన్నాను. అంతకన్నా నమ్మదగ్గ పరికరం నా దగ్గర లేదు.

కనుమ అడుగు సగం దాటాం. జగ్గులు అని మగ్గం నేసేవాడు, మనిషి బండలా ఉంటాడు, నా వెనకే వస్తున్నాడు. ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"అమ్మా, నా వేళ్ళు తెలవట్లేదు."

ఆ మాట వెనక్కి పాకింది. ఇంకో ఇద్దరు తమకీ తెలియట్లేదన్నారు. ఒక పిల్ల ఏడుపు అందుకుంది. నా వేళ్ళు నేను నొక్కి చూసుకున్నాను. తెలుస్తున్నట్టే ఉంది, తెలియనట్టూ ఉంది. పొద్దుటినుంచీ చలివానలో తడిసిన చేతులు. చలికి మొద్దుబారాయా, కిందిగాలికా? ఎలా చెప్పడం? రెండూ మొదట ఒకేలా ఉంటాయి.

సన్యాసి మావ వరస తప్పించుకుని ముందుకొచ్చాడు.

"వచ్చీసింది. వెనక్కి తిరుగుదాం."

"మావా, సగం దాటాం. వెనక్కైనా ముందుకైనా అంతే దూరం."

"వెనక మా కొండ ఉంది. ముందు ఏటుందో నాకు తెలీదు."

"ఇది చలి మావా. కిందిగాలైతే ఈపాటికి కూలబడేవాళ్ళం."

"నీకు ఖాయంగా తెలుసా?"

నాకు ఖాయంగా తెలీదు. తెలుసని చెప్పాల్సింది. నోరు రాలేదు.

ఆయన వెనక్కి తిరిగాడు. పిల్లలున్నవాళ్ళు చాలామంది ఆయన వెంట తిరిగారు. వాళ్ళకి కొండ ఇచ్చిన మనిషి కదా. గురమ్మ మాత్రం కదల్లేదు. తమ్ముణ్ణి ఓసారి చూసి, నా కొంగు పట్టుకుంది. జగ్గులు కూడా నాతోనే నిలబడ్డాడు, పళ్ళు కొట్టుకుంటూ.

సూరిదేముడు నా దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు. వాన నీళ్ళు ముఖం మీద కారుతున్నాయి.

"నువ్వెళ్ళు వదినా. నేను వాళ్ళతో పోతాను."

"నువ్వెందుకురా?"

"వాళ్ళకీ ఒక జీపీఎస్ ఉండాల కదా. మాటాడ్డానికి సెట్టు ఉండాల కదా. వానలు తగ్గాక మళ్ళీ తీసుకొస్తాను."

ఆపడానికి టైం లేదు. అక్కడ నిలబడి వాదించుకుంటే అందరం పోతామని ఇద్దరికీ తెలుసు. అతను అటు, నేను ఇటు.

మేం పెద్దమెట్ట ఎక్కాం. భానుమతి గొడుగు పట్టుకుని మలుపు దగ్గర నించుంది. పొట్టిగా ఉంది, ఒక కాలు ఈడుస్తోంది. నేనెప్పుడూ పొడుగు మనిషిని ఊహించుకున్నాను. మా అందర్నీ మంట దగ్గర కూచోబెట్టింది. గంట తిరక్కుండా జగ్గులు వేళ్ళు విరుచుకుంటూ, "తెలుస్తన్నాయమ్మా" అన్నాడు.

చలి. ఉత్త చలి.

సెట్టు తీసి సూరిదేముడికి చెప్పాను. వాళ్ళూ క్షేమంగా కొండెక్కేశారు.

"అయితే రేపు పొద్దున్న మళ్ళీ దిగుతాం వదినా," అన్నాడు.

నడక నోటు 228. పెద్దమెట్ట.

పొద్దున్న గీత 953, కనుమకి రెండు మీటర్లు పైన. తెల్లారేలోపు ఏడు మీటర్లు లేచింది.

సూరిదేముడు సెట్టులోకి వచ్చాడు. వెనక జనం మాటలు, మూటలు కడుతున్న చప్పుడు.

"రమ్మంటావా వదినా?"

"వద్దు," అన్నాను.

నడక నోటు 233. పెద్దమెట్ట.

గురమ్మ పోయింది. వచ్చిన మర్నాటినుంచీ జ్వరం, ఆయాసం. తడిసిన ఒంటితో అంత దూరం నడిచిన ముసలిది. చివరి వరకూ వేళ్ళు కదిలిస్తూనే ఉంది, నా అరచేతిలో చెయ్యి పెట్టి. సన్యాసి మావకి సెట్టులో నేనే చెప్పాను. విని ఆయన సెట్టు సూరిదేముడికి ఇచ్చేశాడు.

సూరిదేముడు రోజూ అదే అడుగుతున్నాడు. రమ్మంటావా? గీత 958, 963, 967. ఏ అంకెకైనా నా జవాబు అదే. వద్దు. ఒకరోజు నేను చెప్పేలోపే అతనే "వద్దులే, తెలుసు" అన్నాడు.

నడక నోటు 241. పెద్దమెట్ట.

వాన వెలిసింది. ఆకాశం కడిగినట్టుంది, గాలి కదలట్లేదు. పరికరాలు పొద్దుటినుంచీ ఒకే అంకె మీద నిలబడ్డాయి. వాలు కాస్త గట్టిపడింది. భానుమతి అంది, "ఇప్పుడైనా స్తంభాలు కొలుద్దాం తవిటమ్మా."

పెద్దమెట్ట మీద కూడా సర్వే రాయి ఉంది. ఆ ఈడ్చే కాలితో దిగలేదు కాబట్టి ఆవిడ రాయి దగ్గర కూచుంది. నేను వాలు మీదకి దిగాను. అన్నిటికంటే పైనున్న స్తంభం మీద 1000 అని రాసి ఉంది. నా జీపీఎస్ 975 అంది. రాయి దగ్గర తేడా ఎంతని అడిగాను. ఏమీ లేదంది. మళ్ళీ చూశాను, 975. స్తంభం మొదట్లో బురద తుడిచి అక్కడ పెట్టాను. అదే.

దాని కింది స్తంభం దగ్గరా అంతే తేడా. రాసి ఉన్నదానికంటే స్తంభాలన్నీ పాతిక మీటర్లు పల్లంలో ఉన్నాయి. వాటిని పాతినవాళ్ళు కూడా వాయుగుండం పట్టిన రోజే దిగి ఉంటారు. వాళ్ళ పరికరం కూడా ఉన్నచోటే పైకెక్కేసింది. ఎన్నేళ్ళుగానో మేం విన్న ప్రతి గీతా పాతిక మీటర్లు ఎక్కువ.

పైకొచ్చి భానుమతి పక్కన కూచున్నాను. లెక్క ఇద్దరం మనసులోనే వేసుకున్నాం. మేం దాటిన రోజు గీత 946 కాదు, 921. కనుమ అడుగుకి ముప్పై మీటర్ల కింద. మా నియమం ప్రకారమే దర్జాగా నడవొచ్చు. మర్నాటికి ఇరవై మూడు, అప్పుడూ నడవొచ్చు. ఆ తరవాతా, సూరిదేముడు మూటలు కట్టించి రమ్మంటావా అని అడిగిన దాదాపు ప్రతి పొద్దునా కనుమ తెరిచే ఉంది. నేనే వద్దన్నాను.

ఈ పొద్దున్న భానుమతి చెప్పిన గీత 983. పాతిక తీసేస్తే 958. కనుమ 951.

మొన్నటిదాకా తెరిచే ఉంది.

భానుమతి ఏడ్చింది. నాకు ఏడుపు రాలేదు. లేచి, రంగు డబ్బా అడిగి తీసుకుని, మళ్ళీ దిగి, అందినంత మేరకు స్తంభాల మీద పాత అంకెలు కొట్టేసి కొత్తవి రాసొచ్చాను. పెద్దమెట్ట వాళ్ళకి పనికొస్తాయి, గీత ఇక్కడిదాకా వచ్చేలోపు.

నడక నోటు 242. పెద్దమెట్ట.

సూరిదేముడికి చెప్పాను. చుట్టూ ఎవరూ లేకుండా చూసుకోమని, అంతా చెప్పాను. స్తంభాలు, పాతిక మీటర్లు, రోజూ నేనన్న మాట.



"నీకు చెప్పిన అంకె అది. నువ్వేటి చేస్తావు వదినా," అన్నాడు.

"ఒక్కసారైనా నిన్ను రమ్మనాల్సిందిరా."

"ఇప్పుడెంతుంది?"

"కనుమ మీద ఏడు మీటర్లు. రోజూ పెరుగుతోంది."

"పరిగెడితే?"

"అంత పొడవు బురదలో పరిగెత్తలేరు. పిల్లలతో."

"అవును," అన్నాడు. "ఈ సంగతి ఇంకెవరికైనా చెప్పావా?"

"భానుమతికి తెలుసు. ఇంకెవరికీ లేదు."

"చెప్పకు. మీ వాళ్ళు సెట్టులో ఎవరితోనూ అనకుండా చూడు. ఇక్కడ సన్యాసి మావ, అది చలేనన్నా నమ్మకుండా, రోజూ పిల్లల్ని కూచోబెట్టుకుని చెప్తన్నాడు, ఆ రోజు తాను వెనక్కి తిప్పబట్టే ఇంతమంది మిగిలామని. ఆయన మాట మీదే అందరూ పొద్దున్న లేచి పనిలోకి పోతన్నారు. చోళ్లు కూడా చల్లారు. కోతకొచ్చేదాకా..."

అక్కడ ఆపేశాడు. వెనక తలుపు చప్పుడైంది. సన్యాసి మావ గొంతు దూరంగా వినిపించింది, తవిటమ్మేనా, ఇలా తే అని. సూరిదేముడు సెట్టు ఇచ్చేశాడు.

"ఏమ్మా, మీ వాళ్ళ చేతులు ఎలాగున్నాయి? జగ్గులుకి నయమైందా?"

"నయమైంది మావా."

"అదృష్టవంతుడు. గాలి తగిలీ బతికాడు. మా అప్ప గురమ్మ కూడా ఆ రోజు నా వెంట తిరిగుంటే, ఈ పూట ఇక్కడే ఉండేది. ఉండేది కదా?"

భానుమతి నా వైపు చూస్తోంది. నేను బటన్ నొక్కాను.

"అవును మావా," అన్నాను. "ఉండేది."